వెనకాల ఎవరూ లేరు

గుమ్మగెడ్డ షెడ్డు,
అనంతగిరి కొండలు,
6 అక్టోబరు 2024

అప్పకు నమస్కారాలు.

నేనిక్కడికి వచ్చి ఇరవై రోజులైంది. క్షేమంగానే ఉన్నాను. ఇక్కడ సెల్ సిగ్నల్ రాదు. వచ్చినా నాకు ప్రయోజనం లేదని నీకు తెలుసు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాక నా చెవులకు మిగిలింది సగం కన్నా తక్కువ. ఫోనులో ఎవరు మాట్లాడినా రేకుల మీద చినుకులు పడుతున్నట్టే ఉంటుంది. అందుకే ఉత్తరం. పోస్టాఫీసు కింద ఊళ్లో ఉంది, వారానికి రెండుసార్లు దిగి వస్తాను.

నా పనేమిటో నీకు సరిగా చెప్పకుండానే వచ్చేశాను. సబ్బవరం కొండల దగ్గర మొదలై ఈ అనంతగిరి కొండల దాకా ఒక నడకదారి ఉంది. ఏడు రోజుల నడక. కొత్తగా వేసింది కాదు. సంతకు పోయేవాళ్లు, కట్టెలు తెచ్చుకునేవాళ్లు నడిచిన పాత బాటలనే కలుపుకొచ్చారు. దాన్ని చూసుకునేవాళ్లు 'కొండదారి మిత్రులు' అని ఓ ముప్పై మందిమి. జీతాలేమీ లేవు. వన్ టౌన్‌లో రంగుల కొట్టు నడిపే రమణమూర్తిగారు మాకు పెద్ద. తుప్పలు కొట్టడం, పడిన చెట్లు పక్కకు లాగడం, మెట్టుకు రాయి పేర్చడం మా పని. అన్నిటికంటే కష్టం నీటితో. వాన నీరు బాట వెంట పారిందంటే రెండేళ్లలో బాట కాస్తా వాగులా గెడ్డయిపోతుంది. అందుకని అక్కడక్కడా అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్లు వరస పెట్టి నీటిని పక్కకు మళ్లిస్తాం. నిన్న అలాంటివి మూడు కట్టాను. సాయంత్రం వాన పడితే గొడుగేసుకుని వెళ్లి చూశాను. నీరు నేను చెప్పినట్టే పక్కకు తిరిగింది. మిల్లులో వేల టన్నుల ఇనుము సాగింది నా చేతుల మీదుగా. ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అశోక్ కోప్పడ్డాడు. "కూర్మన్నపాలెంలో ఇల్లుండగా అడివిలో ఏటి నాన్నా" అన్నాడు. అన్నాడనే అనుకుంటున్నాను, పెదవులు అలాగే కదిలాయి.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? గేదె ఈనిందా?

నీ తమ్ముడు,
వరహాలు


గుమ్మగెడ్డ,
18 అక్టోబరు 2024

అప్పకు,

మొన్నటి ఉత్తరంలో ఒక ముఖ్యమైన మాట మరిచిపోయాను. మన దారి మొదటి రోజు నడక నీ జీడిమామిడి తోటలోంచి పోతుంది. అమ్మ కట్టెలమోపుతో దిగొచ్చేదే, ఆ బాటే. ఈ నెల మొదట్లో మావాళ్లు వచ్చి రాళ్ల మీద, రెండు చెట్ల మొదళ్ల మీద పసుపు రంగు గుర్తులు వేసి ఉంటారు. కంగారు పడకు. నడిచేవాళ్లకు దారి తెలియడానికే. నువ్వు ఒప్పుకున్నావని రమణమూర్తిగారికి చెప్పాను.

పోస్టు కట్టేస్తారు, ఉంటాను.

వరహాలు


సబ్బవరం,
19 అక్టోబరు 2024

తమ్ముడు వరహాలుకి గౌరీశ్వరి ఆశీస్సులు.

ఆరో తారీఖున రాసిన ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా బడిలో ఉన్నట్టే గుండ్రంగా ఉన్నాయి. గేదె ఈనింది, పెయ్య. మోకాళ్లు ఉన్నాయి, ఉన్నాయంటే ఉన్నాయి. నీళ్లను పక్కకు తిప్పి సంతోషపడ్డావని చదివి నవ్వొచ్చింది. చిన్నప్పుడు చూరు కింద కాలవలు తవ్వి అమ్మ చేత దెబ్బలు తిన్నావు, గుర్తుందా.

ఇక్కడ నాకొక భయం పట్టుకుంది. పదిరోజుల కింద నేను మందుల కోసం ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి మన తోటలో రాళ్ల మీద పసుపు రంగు గీతలు! పనస చెట్టుకీ, గట్టు మీది మామిడికీ కూడా. నువ్వెరుగుదువు కదా, పక్క పోలిరాజు పొలంలో పోయినేడు ముందు ఇలాగే రాళ్లకు రంగులు పడ్డాయి. తర్వాత కర్రలు పాతారు. తర్వాత ఎవరో వచ్చి నీ భూమి సగం రోడ్డులో పోతుందన్నారు. ఇప్పుడక్కడ ప్లాట్లు, ఆర్చి, దానికో పేరు. పోలిరాజు వచ్చి చూసి, "ఇది సర్వే గుర్తేనప్పా. నాకూ ఇలాగే ఏసినారు. నాను ఊరుకున్నాను, అదీ నా తప్పు. నువ్వు ఊరుకోకు" అన్నాడు.

నేను ఊరుకోలేదు. గేదె సాల మీద రేకుల చిల్లులకు పూయగా మిగిలిన తారు డబ్బా ఉంటే తీసి, ఒక్కో గుర్తు మీదా పూసేశాను. మొత్తం పదకొండు. మోకాళ్ల నొప్పితోనే గట్టెక్కి పూశాను. బాట మొదట్లో కంప కూడా అడ్డం పెట్టించాను. మీ బావ పోయాక ఈ ఎకరం డెబ్బై సెంట్లే నన్ను నిలబెట్టింది. అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. ఎవడొస్తాడో రానీ.

నువ్వు ప్లాంటులో పనిచేసినవాడివి, నలుగురు ఆఫీసర్లు తెలుసు. ఈ రంగు ఎవరు వేశారో కనుక్కుని రాయి.

ఇట్లు,
అప్ప


సబ్బవరం,
30 అక్టోబరు 2024

వరహాలుకి,

నీ రెండో ఉత్తరం అందింది. రంగు ఎవరు వేశారో కనుక్కోమని నిన్నే అడిగాను చూడు, నా బుద్ధి.

నేను ఒప్పుకున్నానా? ఎప్పుడు? ఎక్కడ? నా భూమిలోంచి ముక్కూ మొహం తెలియని జనం నడవడానికి నా తరఫున మాటిచ్చే అధికారం నీకెవరిచ్చారు? పది రోజులు నాకు అన్నం సయించలేదు. భూమి పోతుందని కాగితాలు తీసి పరుపు కింద పెట్టుకున్నాను. అదంతా నా తమ్ముడి నిర్వాకమని తెలిశాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

తారు తీయను. కంపా తీయను.

ఇంకో మాట. నీ భార్య పోయి రెండేళ్లయింది, చెవులు పోయాయి, కొడుకింట్లో ఊసుపోవడం లేదు, అంతా నాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు తోడబుట్టినదాని ఇంటికి రావాలని తోచలేదా? నా ఇంట్లో అరుగు లేదా, మంచం లేదా? ఎవరో రంగుల కొట్టాయన చెప్పిన కొండ మీదికి పోయి కూచున్నావు. ఆ కొండ దారిని కాపాడ్డానికి మనుషులు దొరుకుతారు. నాకు తమ్ముడు నువ్వొక్కడివే.

గౌరీశ్వరి


గుమ్మగెడ్డ,
12 నవంబరు 2024

అప్పా,

నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. ఇలాంటివి ఎదురుగా చెబితే నాకు సగమే అందేవి. కాగితం మీద పూర్తిగా అందాయి.

నువ్వు ఒప్పుకున్నావని నేను అబద్ధం చెప్పలేదు. అలాగని నిజమూ చెప్పలేదు. ఆగస్టులో మా కోడలు హిమబిందు చెల్లెలి పెళ్లిలో, భోజనాల దగ్గర నీ పక్కన కూచుని అడిగాను. "అప్పా, తోటలోంచి దారి పోనిత్తావా" అని. బ్యాండు వాళ్లు వాయిస్తున్నారు. నీ పెదవులు కదిలాయి, తల ఊగింది. సరే అన్నావనుకున్నాను. అనుకోవడమేమిటి, అలా అనుకోవాలని అనుకున్నాను. ఏమన్నావని రెండోసారి అడిగితే నాకు వినపడలేదని అక్కడున్న పదిమందికీ తెలుస్తుంది. నాలుగైదేళ్లుగా నా బతుకు ఇంతే అప్పా. మనిషి మొహం చూసి, నవ్వుతుంటే నవ్వుతాను, తలాడిస్తుంటే తలాడిస్తాను. కోడలు ఒకసారి ఏదో చెబితే "మంచిదమ్మా" అన్నాను. వాళ్ల నాన్నకు గుండెపోటు వచ్చిందని చెప్పిందట. ఆ పిల్ల మొహం నేను మరిచిపోలేను.

నీ ఇంటికి ఎందుకు రాలేదో అడిగావు. నీ ఇంట్లోనూ అంతే. ఒకమాట చెబుతావు, నేను 'ఆఁ' అంటాను, మళ్లీ గట్టిగా చెబుతావు, మూడోసారికి నీ మొహంలో అలసట కనిపిస్తుంది. నువ్వు దాచుకుంటావు, అయినా కనిపిస్తుంది. ఇక్కడ ఎవరూ అలసిపోరు. రాయికి చెవులు అక్కర్లేదు.

తప్పు నాదే. నీ అనుమతి లేకుండా మొదటి రోజు దారి తెరవొద్దని రమణమూర్తిగారికి రాస్తాను. నీకిష్టమైతేనే అందులో మనుషులు నడుస్తారు.

నువ్వు ఆరోజు నిజంగా ఏమన్నావో ఇప్పుడైనా చెబుతావా?

వరహాలు


గుమ్మగెడ్డ,
3 డిసెంబరు 2024

అప్పా,

నీ జవాబు రాకముందే ఇదంతా అయిపోయింది. ఆదివారం నువ్వు నన్ను చూశావు, నేను నిన్ను చూశాను. అంబులెన్సుకు అటువైపు నువ్వు, ఇటువైపు నేను. మాట్లాడుకోలేదు. అందుకే రాస్తున్నాను.

రమణమూర్తిగారికి రాస్తానన్న కార్డు రాయలేదు. రాసి చించాను, మూడుసార్లు. మా అప్ప ఒప్పుకోలేదని రాస్తే, మరి ముందు ఒప్పుకుందని ఎందుకన్నావని అడుగుతారు. పెళ్లి, బ్యాండు, చెవులు, అంతా చెప్పుకోవాలి. వచ్చేవారం, వచ్చేవారం అనుకుంటుండగానే ఒకటో తారీఖున నీ తోటలోంచే నడక పెట్టేశారు. పద్దెనిమిది మంది. నన్ను కూడా రమ్మని కబురు చేశారు. నాకిచ్చిన పని చివరి మనిషి పని. అంటే అందరి వెనకా నడిచి, ఎవరూ తప్పిపోకుండా చూడడం. కంప తీసి ఉంది, అది చూసి కాస్త ధైర్యం వచ్చింది. రాళ్ల మీద తారు అలాగే ఉంది. పర్వాలేదు, వెనక నేనున్నాను కదా అనుకున్నాను.

టీ కొట్టు దగ్గర లెక్కపెడితే పదిహేడే. శ్రీసత్య అనే అమ్మాయి లేదు. గాజువాకలో ఏదో ఆస్పత్రిలో నర్సు. ఎక్కడో ఫొటో తీసుకోవడానికి పక్కకు వెళ్లినట్టుంది. నేను ఆమెను దాటి ముందుకొచ్చేశాను. మూడు దారులు కలిసేచోట గుర్తు కనిపించక మేకల దారి పట్టింది. వెంటనే నేనొక్కడినే వెనక్కి వెళ్లి, గెడ్డ మీది బండల దాకా చూసి వచ్చి, "వెనకాల ఎవరూ నేరు" అని చెప్పాను. దాంతో అందరూ ముందున్న క్వారీ వైపు వెతకడానికి పోయారు. చివరికి నువ్వూ పోలిరాజూ నులకమంచం మీద మోసుకొచ్చేదాకా ఆమె ఎక్కడుందో మాకు తెలియదు.

గుర్తుల మీద తారు ఎవరు పూశారని రమణమూర్తిగారు అడిగారు. నేనే పూశానని చెప్పాను. దారి మారుద్దామనుకుని పూశాను, మీకు చెప్పడం మరిచాను అన్నాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు. నువ్వేమీ చెప్పకు. అది నాతో పోతుంది.

వరహాలు


సబ్బవరం,
10 డిసెంబరు 2024

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాయకపోతే నేను నీకు అప్పనే కాను అనిపించి రాస్తున్నాను.

ముందు నా సంగతి. నీ నవంబరు ఉత్తరం చదివిన రోజే మనసు కరిగింది. ఆ పూటే కంప తీయించాను. తారు గీకడానికి పోలిరాజు దగ్గర సీసాడు డీజిల్ కూడా తెచ్చుకున్నాను. కానీ రేపు చూద్దాంలే అనుకున్నాను. అరుగు మీద ఆ సీసా రెండు వారాలు అలాగే ఉంది. కాబట్టి ఆ అమ్మాయి కాలు విరగడంలో నీ మూడు చించిన కార్డులెంతో, నా డీజిల్ సీసా అంత.

గేదెకు నీళ్లు పెట్టడానికి గెడ్డ వైపు వెళ్లినప్పుడు మూలుగు వినిపించింది. ఒంటిగంటన్నర అయి ఉంటుంది. పది గంటల నుంచీ ఆ ఎండలో పడి ఉందట. కాలు చీలమండ దగ్గర పక్కకు తిరిగిపోయింది. నర్సు కదా, తన చున్నీతో తనే కట్టు కట్టుకుంది.

శుక్రవారం, పోలిరాజు గేదె ఈనితే ఆ జున్ను పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. మాటల్లో ఇలా అంది: "అమ్మా, ఒకటే నా మనసులోంచి పోవట్లేదు. నేను పడిన కాసేపటికి పైన బండ మీద ఒక తాత వచ్చాడు. నడకలో అందరికీ ఇచ్చిన పసుపు టోపీయే, ఎదురెండకు మొహం ఆనలేదు. నలభై అడుగులు ఉంటుందేమో. ఎనిమిదిసార్లు పిలిచాను. అటూ ఇటూ చూశాడు, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మా పేషెంట్లు పిలిస్తే నేను ఒక్కసారైనా అలా వెళ్లిపోలేదు. ఎందుకు వెళ్లిపోయాడంటారు?"

ఎనిమిదిసార్లు పిలిస్తే వినపడని తాత నువ్వు కాక ఇంకెవరు? ఆ తాత నా తమ్ముడని చెప్పలేదు. తారు పూసింది నేనని కూడా చెప్పలేదు. ఆ పిల్ల నన్ను తల్లిలా చూస్తుంటే దొంగలా కూచుని జున్ను తినిపించి వచ్చేశాను.

వరహాలూ, నువ్వు చేయని తప్పును నెత్తిన వేసుకున్నావు, చేసినదాన్ని దాచుకున్నావు. నన్ను కాపాడుతున్నాననుకోకు. నా వెనక దాక్కున్నావు.

పెళ్లిలో నేనన్న మాట అడిగావు. "ఇక్కడొద్దు, ఇంటికొచ్చి మాటాడు" అన్నాను. నువ్వు నవ్వి తలాడించి, పెరుగు వడ్డించమన్నావు.

అప్ప


కూర్మన్నపాలెం,
4 జనవరి 2025

అప్పకు,

షెడ్డు తాళాలు ఇచ్చేసి వచ్చేశాను. ఇక కొండలకు పోను. రమణమూర్తిగారికి కారణం చెప్పలేదు. వయసైందన్నాను.

ఆ బండ మీద నేను నిలబడింది నాకు గుర్తుంది. గాలి బాగుంది. ఎక్కడా చప్పుడు లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను కూడా. ఆ ప్రశాంతం ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ మిద్దె మీద కూచుంటున్నాను. అశోక్ ఏదో చెబుతాడు. వినపడినట్టు తలాడించడం కూడా మానేశాను.

నిజం చెప్పినందుకు నీ మీద కోపం లేదు. ఉందేమో కూడా. తెలియడం లేదు.

వ.


సబ్బవరం,
21 జనవరి 2025

తమ్ముడు వరహాలుకి,

నువ్వు మిద్దె మీద కూచున్నావు కాబట్టి నేనే బస్సెక్కాను. మొన్న ఆదివారం వన్ టౌన్‌లో మీవాళ్ల మీటింగు ఉందని పోలిరాజు చెప్పాడు. ఆటోవాడు సందు మొదట్లోనే దింపేశాడు. ఆ ఇరుకు సందుల్లో అడుక్కుంటూ, పసుపు బస్తాల వాళ్లను, ఉల్లిపాయల వాళ్లను దాటుకుంటూ రంగుల కొట్టు పట్టుకునేసరికి నా మోకాళ్ల సంగతి అడగకు. కొట్టు వెనక గదిలో, డబ్బాల మధ్య ఓ పాతిక మంది కూచున్నారు. శ్రీసత్య కూడా ఉంది, చంకకర్రలు గోడకు ఆనించి.

నిలబడే చెప్పాను. "నా పేరు గౌరీశ్వరి. వరహాలుకి అప్పని. మీ గుర్తుల మీద తారు పూసినది నాను. నా తమ్ముడు కాదు. భూమి పోతాదని భయమేసి పూసినాను. అది దారి గుర్తని తెలిసినాక కూడా తుడవనేదు. అదీ నా తప్పు. అమ్మాయ్, నీ కాలు ఇరగడానికి నాను కారణం" అన్నాను.

రమణమూర్తిగారు లేచి కుర్చీ వేశారు. "తారు వరహాలు పూసింది కాదని నాకప్పుడే తెలుసమ్మా. అతను గుర్తు తీసేస్తే గీకి తీస్తాడు, ఇలా పులమడు. ఎవరిని కాపాడుతన్నాడో తెలీక ఊరుకున్నాను" అన్నారు.

శ్రీసత్య నా వైపు చూడలేదు. చంకకర్రలు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే సందులోకి వెళ్లాను. "జున్ను తినిపించినప్పుడే చెప్పుండొచ్చు కదమ్మా" అంది. అంతే. ఆటో ఎక్కేసింది. నెలన్నర పైగా డ్యూటీ లేదట, ఇంకో నెల కూడా నిలబడకూడదన్నారట. ఆమె కోపం న్యాయమే. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టు.

నీ సంగతి నేను చెప్పలేదు. బండ మీద నిలబడింది ఎవరో ఆమెకు ఇంకా తెలియదు. అది చెప్పాల్సిన నోరు నాది కాదు.

అక్కడి నుంచి కూర్మన్నపాలెం వచ్చి నిన్ను కేకలేద్దామనుకున్నాను. వేస్తే నీకు వినపడదు కదా అనిపించి సబ్బవరం బస్సెక్కేశాను.

అప్ప


కూర్మన్నపాలెం,
6 ఫిబ్రవరి 2025

అప్పకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందిన మర్నాడు హిమబిందును పిలిచి, నాకెంత వినపడదో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. వాళ్ల నాన్న సంగతి కూడా రాశాను, ఆరోజు నాకు వినపడలేదని. ఆ పిల్ల అది రెండుసార్లు చదివింది. "మామయ్యా, మీకు మా నాన్నంటే పడదనుకున్నాను ఇన్నాళ్లూ" అంది. నెమ్మదిగా, నా ఎదురుగా కూచుని అంది. అందింది.

ఆమే నన్ను శ్రీసత్య ఇంటికి తీసుకెళ్లింది. గాజువాకలో రెండో అంతస్తు. తలుపు తీసిన వాళ్లమ్మ మంచినీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకుని నిలబడే చెప్పాను. "ఆ బండ మీద తాతని నానే తల్లీ. నాకు చెవుడు. ఉన్నాదని ఎవరికీ సెప్పకుండా చివరి మనిషి పని ఒప్పుకున్నాను. నువ్వు పిలిసినావట. నాకు గాలి తప్ప ఏటీ వినపడనేదు."

ఆ అమ్మాయి మొహంలో కోపం వస్తుందని చూస్తున్నాను. రాలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏదో అంది. అలవాటుగా తలాడించబోయాను. ఆగాను. "ఏటన్నావు తల్లీ? నాకు వినపడనేదు" అన్నాను. అప్పా, ఆ మాట అనడానికి నాకు అరవై రెండేళ్లు పట్టాయి.

ఆమె చేతులు తీసి, నా వైపు తిరిగి మళ్లీ చెప్పింది. "మీరు నన్ను చూసి కూడా వెళ్లిపోయారనుకున్నాను తాతా. రెండు నెలలు అదే అనుకున్నాను. ఒక మనిషి అలా ఎలా వెళ్లిపోతాడా అని. కాలు నొప్పికి మందుంది. దానికి మాత్రం లేకపోయింది." మళ్లీ, "మీకు వినపడలేదు. అంతే కదా. అంతే కదా" అని రెండుసార్లు అంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. వాళ్లమ్మ మాత్రం నా మీద అరిచింది. అది బాగా వినపడింది, న్యాయంగానే ఉంది.

వచ్చేటప్పుడు శ్రీసత్య నీ గురించి అడిగింది. ఆమె మోకాళ్లకు ఏం వాడుతున్నారు అని. నాకు తెలియదన్నాను.

రమణమూర్తిగారికీ అంతా చెప్పాను. బాగానే తిట్టారు, అన్నీ నాకు అందేలా తిట్టారు. ఇకమీదట చివర ఇద్దరు నడవాలని, గుర్తులు వేసే ముందు భూమి గలవాళ్ల దగ్గర సంతకం తీసుకోవాలని రాసుకున్నారు. నన్ను చివరి మనిషిగా వద్దన్నారు. రాళ్ల పనికి ఎప్పుడైనా రావచ్చన్నారు. చెవి మిషను కూడా పెట్టించుకున్నాను. కంచం పెడితే ఉరిమినట్టుంది, కాకులను భరించలేకపోతున్నాను. మనుషుల మాటలు మాత్రం ఇంకా సగమే. డాక్టరు ఇంతకంటే రాదన్నారు.

నీ తోటలోంచి దారి పోవాలా వద్దా అన్నది నువ్వు చెప్పాలి. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరి రోడ్డు మీదుగా తిప్పుతారు.

నీ తమ్ముడు,
వరహాలు


సబ్బవరం,
14 ఫిబ్రవరి 2025

తమ్ముడు వరహాలుకి గౌరీశ్వరి ఆశీస్సులు.

శ్రీసత్య ఇంటికి వెళ్లావని చదివి పెయ్యను కూడా కట్టేయకుండా అలాగే కూచుండిపోయాను. తాగాల్సిన పాలన్నీ తాగేసింది, పోనీ.

దారి సంగతి. నేనూ పోలిరాజూ రెండు రోజులు కొండంతా తిరిగి చూశాం. తోటలోంచి వద్దు. ఇప్పుడు జీడిమామిడి పూత మీద ఉంది. పిందెలు పడ్డాక ఇంతమంది నడిస్తే చెట్టుకు చెట్టు దులిపేస్తారు. ఎవరినని కాపు కాయను? అందుకని నా మాట 'కాదు'. అది తోటకు మాత్రమే. తూర్పు గట్టు వెంట నా భూమి అంచున ఆరడుగులు ఇస్తాను. సంతకం పెడతాను. అక్కడి నుంచి చూస్తే ఎండ వచ్చిన పొద్దున ప్లాంటు పొగగొట్టాలు, వాటి వెనక సముద్రం తళతళా కనిపిస్తాయి. అరవై ఏళ్లు ఇక్కడే బతికి నేను ఆ గట్టు మీద ఒక్కసారీ నిలబడలేదు. మొన్న నిలబడ్డాను.

కాకపోతే ఆ గట్టు నిటారుగా ఉంది. పోలిరాజు లెక్క ప్రకారం ముప్పై ఎనిమిది మెట్లు పడతాయి. రాయి అక్కడే ఉంది, పేర్చేవాడు కావాలి. వాన నీరు ఎటు పోతుందో కూడా చూడాలి, అది నీకే తెలుసు. పాత బాట మొదట్లో ఇటు రావద్దని ఒక బోర్డు పెట్టాలి. తారు నేనే గీకాను, డీజిల్‌తో, పదకొండూ. చేతులు ఇంకా వాసనొస్తున్నాయి.

శ్రీసత్య నిన్న పోలిరాజు ఫోనుకు చేసింది. మోకాళ్లకు ఏం వాడుతున్నానని అడిగింది, చెప్పాను. అది మానేయమంది, ఇంకోటేదో రాసుకోమంది. తన కాలు గురించి నేను అడిగితే, "నడుస్తున్నానమ్మా, ఇంట్లో" అంది. పొడిగానే మాట్లాడింది. కానీ తనే చేసింది.

ఆదివారం పొద్దున బస్సుకి రా. గునపం ఉంది, కొత్త పిడి వేయించాను. పదిహేను రోజుల పని, నా దగ్గరే ఉండాలి. మిషను పెట్టుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. నా మాట అందకపోతే ఏటి అని అడుగు. నేను విసుక్కోనని మాటివ్వను, నా నోరు నీకు తెలుసు. విసుక్కుంటాను, మళ్లీ చెబుతాను. నువ్వు మళ్లీ అడుగు.

అప్ప